వలస పక్షి ఎవరు? షాంటిలీ నీటిగుంటల దగ్గర ఒక ఉపమానానికి పరీక్ష

మార్చి మొదటి వారాల్లో షాంటిలీ చెట్లు ఇంకా చిగురించవు. ఎర్ర మేపుల్ కొమ్మల చివర మాత్రం దూరానికి పొగలాగా కనిపించే సన్నని ఎరుపు మొదలవుతుంది. ఎలనోర్ సి. లారెన్స్ పార్కులో వాల్నీ చెరువు అంచున మంచు కరిగి, నిరుటి ఎండుగడ్డి తడిసి వంగి ఉంటుంది. ఆదివారం ఉదయం అక్కడికి నడకకు వచ్చేవారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. పిల్లల చేతుల్లో రొట్టెముక్కలు, పెద్దల చేతుల్లో ఫోన్లు, నీటిమీద నల్ల మెడలూ తెల్ల చెంపలూ ఉన్న పెద్ద బాతులు. వాటిని చూపించి పెద్దలు పిల్లలకు చెప్పే మాట దాదాపు ఒక్కటే: ఇవి వలస పక్షులు, మనలాగే.

ఆ రెండు మాటల్లో నాలుగైదు దశాబ్దాల ప్రవాస సాహిత్యం ఇమిడి ఉంది. అమెరికా తెలుగు కథలోనూ కవితలోనూ ఇంతగా వాడి అరగదీసిన ఉపమానం మరొకటి లేదు. సావనీర్లలో, ఉగాది కవి సమ్మేళనాల్లో, సంకలనాల ముందుమాటల్లో, పుస్తకాల అట్టల మీద రెక్కలు చాచిన ఒక పక్షి ఉంటుంది. అది ఆహారం కోసం సముద్రాలు దాటుతుంది, పరాయి కొమ్మ మీద వాలుతుంది, గూటిని తలుచుకుని కుములుతుంది, ఏదో ఒక రోజు తిరిగి వెళ్తుంది, లేదా వెళ్ళలేక రాలిపోతుంది. ఈ పక్షి ఏ జాతిదో, ఏ నెలలో వస్తుందో, ఏం తింటుందో, గూడు ఎక్కడ కడుతుందో ఏ రచనా సాధారణంగా చెప్పదు. చెప్పవలసిన అవసరం ఉందని కూడా ఎవరికీ తోచినట్టు లేదు.

కవిత్వం పక్షిశాస్త్రం కాదన్న అభ్యంతరం ఇక్కడ వెంటనే ఎదురవుతుంది. అది న్యాయమైనదే. హంస పాలనూ నీళ్ళనూ వేరు చేయదని తెలిసినా నీరక్షీరన్యాయానికి వచ్చిన లోటేమీ లేదు. చకోరం వెన్నెల తాగదని నిరూపించినంత మాత్రాన ప్రబంధాలు పాడైపోవు. కాని అవి కవిసమయాలు. కవికీ పాఠకుడికీ మధ్య కుదిరిన బహిరంగమైన ఒప్పందాలు. వలస పక్షి ఉపమానం అలాంటి ఒప్పందం కాదు. అది ప్రకృతిని సాక్ష్యానికి పిలుస్తుంది. పక్షులు వెళ్తాయి, తిరిగి వస్తాయి, కాబట్టి ప్రవాసి మనసు కూడా అంతే అన్న వాదన దానిలో ఉంది. సాక్షిని బోనెక్కించిన తరువాత ఆ సాక్షి ఏం చెబుతుందో వినడం విమర్శకు విధి. వినడానికి షాంటిలీ తగిన చోటు. ఆ చెరువులో ఉన్న పెద్ద బాతుల్లో చాలా వాటికి వలస వెళ్ళడం రాదు.

కెనడా గూస్ అని పేరున్న ఈ పక్షికి రెండు జీవితాలున్నాయి. ఒక గుంపు ఉత్తర క్యుబెక్‌లో ఉంగావా ప్రాంతపు టండ్రాలో గుడ్లు పెట్టి, శీతాకాలానికి చెసపీక్ అఖాతం పరిసరాలకు వచ్చి, వసంతం మొదట్లో తిరిగి వెళ్తుంది. ఇది నిజంగా వలస వచ్చే గుంపు. దీని సంఖ్య ఒక దశలో ఎంతగా పడిపోయిందంటే 1995 నుండి 1999 వరకు తూర్పు తీరంలో ఈ గుంపు మీద వేటను పూర్తిగా నిలిపివేయవలసి వచ్చింది. రెండవ గుంపు ఎక్కడికీ వెళ్ళదు. వర్జీనియాలోనే పుడుతుంది, వర్జీనియాలోనే పిల్లలను పెంచుతుంది. తూర్పు తీరమంతటా కలిపి ఈ స్థానిక గుంపు పది లక్షలకు అటూ ఇటూ ఉంటుందని అంచనా. ఆఫీసు పార్కుల పచ్చికలమీద, టౌన్‌హౌసుల నడుమ వాననీటి కోసం తవ్విన గుంటల్లో, గోల్ఫు మైదానాల్లో కనిపించేవి చాలావరకు ఇవే.

ఈ రెండవ గుంపు ఎలా పుట్టిందన్నది ఆసక్తికరమైన కథ. ఇరవయ్యవ శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో వేటగాళ్ళు అడవి బాతులను ఆకర్షించడానికి రెక్కలు కత్తిరించిన పెంపుడు బాతులను నీటిలో కట్టి ఉంచేవారు. పైన ఎగిరే గుంపు వాటి అరుపు విని దిగేది. 1935లో ప్రాణమున్న ఎరలను చట్టం నిషేధించింది. యజమానులు వాటిని వదిలేశారు. కొన్ని రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు కూడా తరువాత అలాంటి బాతులను పెంచి విడిచిపెట్టాయి. తరాల తరబడి బందీగా బతికిన ఆ పక్షుల పిల్లలకు ఉత్తరానికి దారి తెలియదు. ఎందుకంటే ఈ జాతిలో వలసదారి నెత్తుటిలో రాసి ఉండదు. మొదటి శరత్తులో తల్లిదండ్రుల వెంట ఎగిరి పిల్ల నేర్చుకుంటుంది. తల్లికే తెలియకపోతే పిల్లకు చెప్పేవారు లేరు. దిగువన వెచ్చగా ఉంది, గడ్డి ఉంది, నక్కలు తక్కువ, తుపాకులు లేవు. అవి ఉండిపోయాయి.

దారి నేర్చుకోవలసినదేనన్న సంగతిని నిరూపించిన ప్రయోగం కూడా షాంటిలీకి కూతవేటు దూరంలోనే ముగిసింది. 1993లో బిల్ లిష్మన్, జో డఫ్ అనే ఇద్దరు కెనడావాసులు ఒంటరియోలో పుట్టిన 18 బాతులకు చిన్న అల్ట్రాలైట్ విమానాలను తల్లిగా అలవాటు చేసి, వాటి వెంట ఎగిరేలా చేసి, వర్జీనియాలోని వారెంటన్ పట్టణం దగ్గర ఎయిర్లీ వరకు నడిపించారు. మరుసటి వసంతంలో వాటిలో ఎక్కువ భాగం ఎవరూ తోడు లేకుండా ఉత్తరానికి తిరిగి వెళ్ళాయి. 1996లో వచ్చిన ‘ఫ్లై అవే హోమ్’ సినిమాకు ఇదే ప్రేరణ. ఒక్కసారి ఎవరైనా వెంట తీసుకువెళితే చాలు, దారి గుర్తుంటుంది. ఎవరూ తీసుకువెళ్ళకపోతే రక్తసంబంధం ఏ దారినీ చూపదు.

ఈ వాస్తవాన్ని ఉపమానం పక్కన పెట్టి చూస్తే ఏది కూలుతుందో స్పష్టమవుతుంది. ప్రవాస కవితలో తిరిగి వెళ్ళాలన్న తపన సహజాతం. అది తల్లిపాలతో వచ్చినది, పిల్లలకూ తప్పక సంక్రమిస్తుంది. సంక్రమించకపోతే అది పిల్లల లోపం, లేదా అమెరికా చేసిన నేరం. అందుకే ఈ కోవ కథల్లో రెండవ తరం పాత్రలు రెండే రకాలు: ఊరికి వెళ్ళి అమ్మమ్మ ఒడిలో కరిగిపోయేవారు, వెళ్ళి దోమలని విసుక్కునేవారు. షాంటిలీలో పుట్టి, కబ్ రన్ వాగు పక్కన సైకిలు తొక్కి, ఆ వాగుమీద మంచు ఎప్పుడు గట్టిపడుతుందో తెలిసిన పిల్లకు ఆ కథల్లో చోటు లేదు. ఆ పిల్లకు తల్లి ఊరు తెలియకపోవడం విషాదం కావచ్చు. కాని ఆ పిల్లకు ఒక ఊరు తెలుసునన్న సంగతి ఆ కథకు తెలియకపోవడం సాహిత్య దోషం.

ఉపమానపు మూలం ఎక్కడిదో వెతకడం కష్టం కాదు. శ్రీహర్షుని కావ్యాన్ని శ్రీనాథుడు తెలుగు చేసిన శృంగారనైషధంలో నలుడు ఉద్యానంలోని కొలను దగ్గర బంగారు హంసను పట్టుకుంటాడు. ఆ హంస తన గోడు చెప్పుకుంటుంది. ముసలి తల్లికి తానొక్కడే కొడుకు, ఇంటి దగ్గర భార్య కొత్తగా ప్రసవించి ఉంది, ఇద్దరికీ తానే ఆధారం. విధికి దయ లేదు కదా అని అది వాపోతే రాజు కరిగి వదిలిపెడతాడు. తెలుగు పాఠకులకు తరతరాలుగా కన్నీళ్ళు తెప్పించిన సందర్భం అది. ముసలి తల్లి, ఒక్కడే కొడుకు, చేతికి చిక్కిన రెక్క: అమెరికా తెలుగు కథకు కావలసిన సరుకంతా ఆ రెండు మూడు పద్యాల్లోనే ఉంది. అయితే నైషధంలో హంస మాట్లాడే పాత్ర, దూత. అది పక్షిరూపంలో ఉన్న మనిషి అని కవి దాచలేదు. ఆధునిక ప్రవాస కవి అదే మనిషిని తీసుకుని ఇది ప్రకృతి అంటున్నాడు. తేడా అక్కడ ఉంది.

హంస అంటే ఏ పక్షి అన్న ప్రశ్నను కూడా ఇక్కడ దాటవేయడానికి వీలులేదు. డచ్ పండితుడు జె. పి. వోగెల్ 1962లో ప్రచురించిన గ్రంథంలో భారతీయ సాహిత్యంలోనూ శిల్పంలోనూ హంస అంటే గూస్ తప్ప స్వాన్ కాదని వాదించాడు. గూస్ అనే పక్షి తమ కవిత్వంలో హాస్యాస్పదం కాబట్టి ఐరోపా అనువాదకులు దానిని స్వాన్ చేశారని ఆయన అభిప్రాయం. 1985లో కె. ఎన్. దవే సంస్కృత సాహిత్యంలోని పక్షుల మీద వెలువరించిన గ్రంథం విషయం అంత సులువు కాదని, హంస శబ్దం సందర్భాన్ని బట్టి వేర్వేరు పక్షులను సూచిస్తుందని చూపింది. ఏమైనా, శీతాకాలంలో దక్షిణాది చెరువులకు వచ్చి, టిబెట్ సరస్సుల దగ్గర గుడ్లు పెట్టే పట్టీతల బాతు ఆ పేరుకు బలమైన హక్కుదారు. మేఘదూతంలో హంసలు మేఘం ఉరుము విని మానససరోవరానికి బయలుదేరుతాయి. నిజానికి వానలు మొదలయ్యేసరికి ఆ బాతులు మైదానాల్లో ఉండవు, వసంతంలోనే వెళ్ళిపోతాయి. కవిసమయం దిక్కును సరిగా పట్టుకుంది, నెలను తప్పుగా వేసింది. వేల మైళ్ళ ప్రయాణాన్ని గురించి ఉపగ్రహాలు లేని కాలంలో సగం నిజం చెప్పగలగడం తక్కువ సంగతేమీ కాదు.

వోగెల్ మాట నిజమైతే ఇంకొక చిక్కు కూడా వస్తుంది. షాంటిలీ పచ్చికలమీద అడ్డదిడ్డంగా నడుస్తూ, కాలిబాటను పాడుచేసి, గృహయజమానుల సంఘాల సమావేశాల్లో తిట్లు తింటున్న ఆ పెద్ద బాతు, దమయంతి దగ్గరకు రాయబారం వెళ్ళిన హంసకు దగ్గరి చుట్టమే అవుతుంది. తెల్లని నిజమైన స్వాన్‌ను చూడదలచినవారికి కూడా ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోనే చోటుంది. పోటోమాక్ ఒడ్డున మేసన్ నెక్ దగ్గర టండ్రా స్వాన్లు శీతాకాలం గడిపి మార్చిలో ఉత్తరానికి లేచిపోతాయి. శ్రీనాథుడు చూసి ఉండని హంస అది. దాని మీద తెలుగులో ఇంకా పద్యం పుట్టలేదు.

సాహిత్యం బయట, పత్రికల తెలుగులో ఈ పొరపాటు తిరగేసి కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో, నెల్లూరు వైపు నేలపట్టులో చింతచెట్లమీదా కడపచెట్లమీదా గూళ్ళు కట్టే గూడబాతులనూ ఎర్రకాళ్ళ కొంగలనూ ప్రతి ఏడూ వార్తాకథనాలు సైబీరియా అతిథులనో విదేశీ విహంగాలనో పిలుస్తాయి. ఆ పక్షులు భారతదేశపువే. వానలనూ నీటినీ బట్టి దేశంలోపలే చోటు మారుతాయి. పైగా అవి ఆ ఊళ్ళకు వచ్చేది గుడ్లు పెట్టడానికి. పిల్లలు ఆ చెట్లమీదే కళ్ళు తెరుస్తాయి. పక్షికి పుట్టిల్లు అనదగినది ఏదైనా ఉంటే అది పొదిగిన చోటే. తేలినీలాపురంలో పుట్టినది అతిథి, వర్జీనియాలో పుట్టినది కెనడాది. సైబీరియా నుంచి నిజంగా వచ్చే సూదితోక బాతు మాత్రం కొల్లేటిలో పేరు లేకుండా ఈదుతుంది, షాంటిలీ పరిసరాల్లోనూ అదే జాతి మార్చిలో ఒకటి రెండు రోజులు ఆగి వెళ్తుంది. రెండు దేశాల తెలుగువారికీ ఉమ్మడిగా కనిపించగల పక్షి అది. ఉపమానం దాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు.

చూడటమనేది తెలుగు కవిత్వానికి తెలియని విద్య కాదు. ఆముక్తమాల్యద మొదటి ఆశ్వాసంలో విల్లిపుత్తూరు వర్ణనలో బాతుల పద్యం ఒకటుంది. చదివినవారెవరూ మరిచిపోలేనిది. తెల్లవారుజామున వరిమళ్ళ మధ్య కాలువల్లో బాతులు తలలను రెక్కల్లో దూర్చి నిద్రపోతున్నాయి. కాపలా తిరిగే ఆరెకులు వాటిని చూసి, వేకువనే స్నానం చేసి వెళ్ళిన బ్రాహ్మణులు పిండి మరిచిపోయిన బట్టల ఉండలనుకున్నారు. పాపం, ఇళ్ళకు చేరుద్దామని రేవులోకి దిగారు. ఉండలు లేచి పరుగెత్తాయి. మళ్ళకు కాపలా ఉన్న ఆడపిల్లలు నవ్వారు.

భ్రాంతిమదలంకారానికి మేలైన ఉదాహరణగా ఈ పద్యాన్ని చెప్పడం పరిపాటి. అంతటితో వదిలితే పద్యానికి అన్యాయం జరుగుతుంది. మొదటిది, భ్రాంతి నిలబడాలంటే ముందు వాస్తవం నిలబడాలి. నిద్రపోయే బాతు మెడను వెనక్కు తిప్పి ముక్కును భుజపు ఈకల్లో దోపుతుంది. అప్పుడు తల, మెడ, ముక్కు అన్నీ మాయమై గుండ్రని ముద్ద మిగులుతుంది. పిండిన పంచె ముద్దకు దానికీ పోలిక కుదిరింది అందుకే. ఈ సంగతి పుస్తకంలో చదివి రాసింది కాదు. రెండవది, బాతు ఇక్కడ దేనికీ ప్రతీక కాదు. దానికి విరహం లేదు, సందేశం లేదు, వివేకం లేదు. నిద్ర ఉంది, ఉలిక్కిపాటు ఉంది. మూడవది, ఇదే ముఖ్యం, పొరపడినది మనిషి. చూపు చాలని మనిషిని చూసి నవ్వినవారు ఆ మళ్ళలో రోజూ గడిపే పిల్లలు. వారికి ఏది బాతో ఏది బట్టో తెలుసు. చక్రవర్తి అయిన కవి ఆ నవ్వును వారికే ఇచ్చి తాను తప్పుకున్నాడు.

వలస పక్షి కవితలో నవ్వేవారు లేరు. చెరువు గట్టున నిలబడి కెనడా బాతును చూసి నీవూ నాలాగే అనుకున్న కవిని చూసి, అది ఇక్కడే పుట్టిందండీ అని చెప్పగల ఆడపిల్ల ఆ కవితలో ఉంటే కవిత వేరే దారి పట్టేది. షాంటిలీలో అలాంటి పిల్లలు ఉన్నారు. బడిలో వాటర్‌షెడ్ పాఠం చదివారు. కబ్ రన్ వాగు బుల్ రన్‌లో, బుల్ రన్ ఒకోక్వాన్‌లో, అది పోటోమాక్‌లో కలిసి చెసపీక్ చేరుతుందని వారికి తెలుసు. ఒకోక్వాన్ జలాశయం తాగునీటికి ఆధారం కనుక దాని పరీవాహకంలో వేల ఎకరాల్లో ఇళ్ళ సాంద్రతను 1982లో కౌంటీ తగ్గించిందని, ఆ నిర్ణయం వల్లనే పశ్చిమ ఫెయిర్‌ఫాక్స్‌లో ఇంకా అడవీ తడినేలలూ మిగిలాయని వారి తల్లిదండ్రుల్లో ఇల్లు కొన్నవారికైనా తెలిసి ఉండాలి. నీటి చిరునామా తెలిసినవారికి ఊరు పరాయిది కాదు.

ఉగాది కవి సమ్మేళనాల సంగతి ఇంకొంచెం నవ్వు తెప్పించేది. వర్జీనియాలో ఉగాదినాడు ప్రతి కవీ కోయిలను పిలుస్తాడు. అమెరికాలో ఆ కోయిల లేదు. ఆ రోజుల్లో షాంటిలీ తడినేలల్లో సాయంత్రాలు చెవులు గింగురుమనేలా వినిపించేది స్ప్రింగ్ పీపర్ అనే బొటనవేలి గోరంత కప్ప పిలుపు. వేల గొంతులు కలిసి గజ్జెల మోతలాగా వినిపిస్తాయి. వసంతాగమనానికి ఇంతకంటే నమ్మకమైన దండోరా ఆ నేలమీద లేదు. కోకిల కుటుంబానికి చెందిన పచ్చముక్కు కక్కూ ఒకటి వర్జీనియాకు వచ్చే మాట నిజమే కాని, అది మే నెలలో వస్తుంది. అప్పటికి సమ్మేళనపు శాలువలు మడత పెట్టేసి ఉంటారు.

పేర్ల విషయంలో తెలుగు ఇంత పేదది కాదు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు టి. సి. జెర్డన్ నెల్లూరులో పనిచేసిన కాలంలో యానాదులు మొదలైన స్థానికుల దగ్గర పక్షుల సంగతులు తెలుసుకున్నాడు. 1862, 1864 సంవత్సరాల మధ్య అచ్చయిన ఆయన గ్రంథంలో జాతి తరువాత జాతికి తెలుగు పేరు కనిపిస్తుంది. మునుగుడు కోడి, బొల్లి కోడి, గుడ్డి కొంగ, ఉల్లంకి వంటివి చూసినవారు పెట్టిన పేర్లు. మునిగేది మునుగుడు కోడి. నుదుట తెల్ల మచ్చ ఉన్నది బొల్లి కోడి. చక్రవాకానికి జనం పెట్టుకున్న పేరు బాపన బాతు. ఆయన పేరుతోనే పిలిచే కలివికోడి శతాబ్దం వరకు అంతరించిందనుకున్న తరువాత 1986లో కడప జిల్లా లంకమల కొండల దగ్గర మళ్ళీ కనబడినప్పుడు, దాన్ని పట్టి చూపించినవాడు ఆ పేరును ముందునుంచీ ఎరిగిన స్థానికుడే.

ఆ పద్ధతి షాంటిలీ నీటిగుంటల దగ్గర ఎందుకు ఆగిపోవాలి? అక్కడ ఫిబ్రవరి, మార్చిలలో నిజంగా వలస వచ్చి ఆగే చిన్న బాతులు కొన్ని ఉన్నాయి. మగది తలమీద తెల్లని విసనకర్రను తెరిచి మూసే హుడెడ్ మెర్గాన్సర్. నీటిమీద తెల్లబంతిలా తేలుతూ ఉన్నట్టుండి మునిగిపోయే బఫల్‌హెడ్. ముక్కుమీద తెల్లని పట్టీ ఉన్న రింగ్‌నెక్డ్ డక్. ఈ చివరిదాని పేరే ఒక పాఠం. మెడచుట్టూ గోధుమరంగు ఉంగరం ఉందని ఆ పేరు పెట్టారు, కాని ఆ ఉంగరం చేతిలో పట్టుకున్న చచ్చిన పక్షి మీద తప్ప నీటిమీద ఈదే దానిమీద దాదాపు కనిపించదు. ఇంగ్లీషు పేరు సంగ్రహాలయపు బల్లమీద పుట్టింది. యానాదులు చూసి ఉంటే ముక్కును చూసి పేరు పెట్టేవారు. పట్టీముక్కు బాతు అనడానికి నిఘంటు సంఘం అనుమతి అక్కరలేదు. ఇంగ్లీషు పేరును మక్కీకి మక్కీగా అనువదించి ‘వలయకంఠ బాతకం’ వంటి పదాలు అల్లే ఉత్సాహం మాత్రం ఆపుకోవడం మంచిది. ఇప్పుడు ఫోనులోని మెర్లిన్ యాప్ కూత విని క్షణంలో పేరు చెబుతుంది. పేరు దొరికిన క్షణంలోనే చాలామంది చూడటం ఆపేస్తారు కూడా.

వలస వచ్చినదెవరు, ఉండిపోయినదెవరు అన్నది చూపుతో తేలదు. 2009 జనవరి 15న న్యూయార్కు లగార్డియా నుండి లేచిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549 విమానం బాతుల గుంపును ఢీకొని, రెండు ఇంజన్లూ ఆగి, హడ్సన్ నదిలో దిగింది. 155 మందీ బతికారు. ఇంజన్లలోని ఈకల తునకలు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ప్రయోగశాలకు వచ్చాయి. కెనడా బాతులని తేలింది. కాని ఏ గుంపువి? నగరంలో ఉండిపోయినవైతే విమానాశ్రయం చుట్టూ సంఖ్య తగ్గించవచ్చు, వలస వచ్చినవైతే ఆ ఉపాయం పనిచేయదు. ఈకలోని హైడ్రోజన్ ఐసోటోపులను పరీక్షించారు. ఈక మొలిచేటప్పుడు పక్షి తాగిన నీటి ముద్ర, తిన్న గడ్డి ద్వారా, ఆ ఈకలో మిగిలిపోతుంది. ఒక్కో అక్షాంశపు వాననీటికి ఒక్కో ముద్ర. ఆ బాతులు లాబ్రడార్ వైపునుంచి వచ్చిన వలస గుంపువని అలా తేలింది. రూపం ఒకటే, జాతి ఒకటే, ఎగిరిన ఆకాశం ఒకటే. ఈక ఎక్కడి నీటితో మొలిచిందన్నదే తేడా. ఈ బాతులు ఎగిరే ఈకలను ఏటేటా వేసవిలో రాల్చి కొత్తవి మొలిపించుకుంటాయి. కాబట్టి ఈక చెప్పేది కిందటి వేసవి చిరునామాను. పూర్వీకుల ఊరు దానిలో ఉండదు.

చట్టానికి మాత్రం ఈకల గొడవ పట్టదు. 1916లో అమెరికాకూ కెనడా తరఫున బ్రిటనుకూ కుదిరిన ఒడంబడికను అమలుచేసిన 1918 నాటి వలస పక్షుల చట్టం కింద కెనడా బాతు వలస పక్షి. షాంటిలీ గుంటలో పుట్టి, అక్కడినుంచి పది మైళ్ళు కదలని బాతు కూడా ఆ చట్టం దృష్టిలో వలస పక్షే. దానిని ముట్టుకోవాలంటే అనుమతి కావాలి. అదే షాంటిలీలో పదిహేనేళ్ళుగా ఇల్లు కొనుక్కుని, పన్ను కట్టి, పిల్లలను బడికి పంపి, రాజధాని మందిరంలో అన్నప్రాశనలు చేసుకుని, ఇంకా హెచ్1బి మీద ఉన్న ఇంజనీరు చట్టం దృష్టిలో నాన్‌ఇమ్మిగ్రెంటు, అంటే వలస రానివాడు. ఎగరని పక్షికి వలస పక్షి అని పేరు, ఉండిపోయిన మనిషికి వలస రానివాడని పేరు. దేశానికి ఇన్నని పెట్టిన పరిమితి వల్ల అతని గ్రీన్‌కార్డు వరుస దశాబ్దాలు సాగుతుంది. రెండేళ్ళ వయసులో హైదరాబాదు నుంచి వచ్చి ఈ చెరువు గట్టున పెరిగిన అతని కూతురికి ఇరవై ఒకటి నిండితే తండ్రి వీసా కింద ఉండే హక్కు పోతుంది. ఆ అమ్మాయిని వెళ్ళమన్న చోటికి ఆమెకు దారి తెలియదు.

ప్రవాస తెలుగు సాహిత్యం చెప్పవలసిన కథ ఇది. గూటి మీద బెంగ అన్న ఉపమానం దీనికి అడ్డుపడుతుంది. వలస పక్షి అని తనను తాను పిలుచుకునే రచయిత, వెళ్ళిపోవడం తన స్వభావమని ఒప్పుకుంటున్నాడు. తిరిగి వెళ్ళమని చెప్పేవారికి ఇంతకంటే అనుకూలమైన ఉపమానం ఉండదు. ఆ మాట రాసినవారిలో ఎందరో ఈ నేలమీదే ముప్ఫై నలభై ఏళ్ళు ఈకలు మార్చుకున్నవారు.

బాతులకు కూడా ఇక్కడ ఉండటం సుఖంగా ఏమీ లేదన్నది వేరే సంగతి. మార్చిలో జతలు గుంటల అంచుల్లో, కొన్నిసార్లు పార్కింగు స్థలాల మధ్య మట్టిదిబ్బలమీద గూళ్ళు పెడతాయి. సంఘాలవారు సరిహద్దు కోలీ కుక్కలను తెచ్చి వాటిని తరిమిస్తారు. తగిన నమోదు చేయించుకుని గుడ్లకు మొక్కజొన్న నూనె పూస్తారు. నూనె పూసిన గుడ్డులోకి గాలి ఆడదు, పిండం పెరగదు. గుడ్డును తీసేస్తే తల్లి మళ్ళీ పెడుతుంది కనుక తీయరు. తల్లి సంగతి తెలియక పొదుగుతూనే ఉంటుంది.

మార్చి చివరి వారంలో, దక్షిణపు గాలి వీచిన ఒక రాత్రి తరువాత, పట్టీముక్కు బాతులు గుంటలో కనిపించవు. చిన్న బాతులు ఎక్కువగా రాత్రిపూట ఎగురుతాయి. ఎవరూ చూడరు. ముందురోజు వాటిని చూసినవారు కూడా తక్కువే. వాటి స్థానంలో నీటిమీద రాలిన మేపుల్ పువ్వుల ఎర్రని నలుసులు తేలుతుంటాయి. ఒడ్డున పెద్ద బాతు ఆడది గూటిమీద మెడ చాచి నేలకు ఆనించి పడుకుని ఉంటుంది, దూరానికి ఎండిన కొమ్మలాగా. నాలుగడుగుల దూరంలో మగది నిలబడి, ఫోనుతో దగ్గరకు వచ్చిన మనిషిని చూసి నాలుక బయటపెట్టి బుసకొడుతుంది. అతను రెండడుగులు వెనక్కు వేస్తాడు. వెనుకనున్న పిల్ల నవ్వుతుంది.